ఫౌంటెన్ అని చెప్పిన రాయి

ఆ రాయిని నేను ఫౌంటెన్ అన్నాను. జపాన్‌లో ఎక్కడో ఒక పార్కు ఉందనీ, దాని మధ్యలో నీళ్లు చిమ్మే దిమ్మ ఒకటి కడుతున్నారనీ, ఈ రాళ్లన్నీ దానికేననీ చెప్పాను. అడిగింది మా నాయన. నలభై ఏళ్లు రాయితో బతికిన మనిషికి రాయి గురించి అబద్ధం చెప్పడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

నిజానికి అది సమాధి రాయి. ఆ దేశంలో చనిపోయినవాళ్ల బూడిదను కింద పెట్టి, పైన మెట్లుమెట్లుగా మూడు దిమ్మలు పేర్చి, వాటి మీద ఒక నిలువు రాయిని నిలబెడతారు. మన కుప్పం వైపు దొరికే బూడిదరంగు రాయి అందుకు బాగా పనికొస్తుందట. ఆ సంగతి మా గ్రానైట్ యూనిట్‌లో ఇద్దరికే తెలుసు. ఒకరు మా ఓనరు, ఇంకొకరు నేను. అప్పట్లో నేను అలా అనుకున్నాను.

యూనిట్ కుప్పం ఊరి బయట రోడ్డు పక్కన ఉంటుంది. రెండు షెడ్లు, వెనక పెద్ద రాళ్లు దించే బయలు, ముందర చిన్న ఆఫీసు గది. మొదటి షెడ్డులో మిషన్లు వంటింటి గట్లకు పలకలు కోస్తాయి. రెండో షెడ్డులో చేతి పాలిష్. మిషన్ చేరలేని అంచులూ మూలలూ అక్కడ మనుషులు కూర్చుని నున్నగా చేయాలి. మా నాయన ఆ రెండో షెడ్డుకు మేస్త్రీ. నేను ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు ఉంటాను. రోజూ ఇద్దరం ఒకే గేటులోంచి లోపలికి పోయి, ఆయన ఎడమకు తిరిగేవాడు, నేను కుడికి తిరిగేదాన్ని.

మాది పుంగనూరు పక్కన పల్లె. నాయన క్వారీలో సుత్తి పట్టి కూలి చేసే రోజుల్లో నేను పుట్టాను. నన్ను మదనపల్లెలో హాస్టల్లో పెట్టి డిగ్రీ దాకా చదివించాడు. ఆ కాలేజీలో నాకు అన్నిటికన్నా బాగా పట్టుబడిన విద్య ఒకటుంది. మీ నాయన ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మాట మార్చడం. అమ్మ చనిపోయిన ఏడాది నాయనే ఓనరును బతిమాలి నాకు ఈ ఉద్యోగం ఇప్పించాడు. కుప్పంలో ఒక గది అద్దెకు తీసుకుని ఇద్దరం ఉండేవాళ్లం. సెలవు దొరికిన ఆదివారం పలమనేరు మీదుగా బస్సులో పల్లెకు పోయి, చేను గట్టున ఉన్న అమ్మ సమాధి దగ్గర కాసేపు కూర్చుని వచ్చేవాళ్లం.

రెండో షెడ్డుకు పని తగ్గిపోతూ వచ్చింది. గుండ్రటి అంచులు కూడా కోసే మిషన్లు వచ్చేశాక చేతి పాలిష్ ఎవరికి కావాలి? ఓనరు ఒకరోజు నన్ను పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు. జపాన్ నుంచి ఒకాయన వస్తున్నాడు, నమూనాకు ఒక సమాధి మొత్తం చేసి చూపించమంటున్నాడు, అది ఆయనకు నచ్చితే ఏటా పని ఉంటుంది, నచ్చకపోతే రెండో షెడ్డు మూసేస్తాను అన్నాడు. ఆ షెడ్డులో పదకొండు మంది. మా నాయనకు అప్పటికే దగ్గు. ఆ వయసులో ఆ దగ్గుతో ఆయన్ను ఇంకెవరూ పనిలో పెట్టుకోరని నాకు తెలుసు. అందుకే ఆ నమూనా నా పరీక్షలాగే అయింది.

“ఇంగ్లీషు నీకు వచ్చు గదమ్మా. ఆయప్ప మర్యాదలన్నీ తెలుసుకో. ఈడ ఒక్క తప్పు జరగకూడదు” అన్నాడు ఓనరు.

తెలుసుకున్నాను. అసలే నాకు ఏ పని మొదలుపెట్టినా పిచ్చి పట్టుదల. నెల రోజులు ఫోన్‌లో వీడియోలు చూశాను, దొరికినవన్నీ చదివాను, ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలి. వాళ్లిచ్చిన కార్డు చదవకుండా జేబులో తోసేయకూడదు. చెప్పిన టైముకన్నా కాస్త ముందే ఉండాలి. భుజం మీద చెయ్యి వేయకూడదు. పెళ్లయిందా, ఎంతమంది పిల్లలు అని అడగకూడదు. వద్దన్నాక ఇంకో ముద్ద వడ్డించకూడదు. మాట్లాడకుండా కూర్చుంటే కోపం వచ్చిందని కంగారు పడకూడదు. టీలో చక్కెర, పాలు రెండూ ఉండకూడదు.

ఆ టీకి పిడి లేని కప్పులు కావాలి. కుప్పంలో దొరక్క మదనపల్లె పోయి మూడు గిన్నెల అంగళ్లు తిరిగాను. మూడో అంగట్లో ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, పిడి విరిగినవైతే ఇంట్లో చాలా ఉండాయి తెచ్చియ్యమంటావా అన్నాడు. ఓనరుకు కార్డు ఇవ్వడం నేర్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆయన రెండు చేతులా పట్టుకుని పేరంటంలో తాంబూలం అందించినట్టు అందించేవాడు. వాచ్‌మన్‌ను నడుం వంచితే చాలు అన్నాను. ఆయన నడుం వంచి, చేతులు జోడించి, ఆ చేతులు తల పైకెత్తి మరీ దండం పెట్టాడు.

జపాన్ ఆయన యాభై దాటిన మనిషి. సన్నగా, పొట్టిగా, నెమ్మదిగా ఇంగ్లీషు మాట్లాడేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు పది నిమిషాలు ముందే వచ్చి, గేటు బయట కారులోనే కూర్చుని, గడియారం సరిగ్గా పది కొట్టాక దిగాడు. మా ఓనరు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఆ ఇరవై నిమిషాలు నేను పడిన యాతన పగవాడికి కూడా వద్దు.  ఆయన చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

తర్వాత రాళ్లు చూశాడు. సీసాలో నీళ్లు రాతి మీద పోసి రంగు చూశాడు, స్కేలు పెట్టి కొలిచాడు, కనీకనిపించని గీత ఉన్నచోట వేలు పెట్టి ఆగాడు. పదిహేను రోజుల్లో ఇచ్చేస్తామని ఓనరు అంటే, ఆయన తల కొంచెం పక్కకు వంచి, పళ్ల మధ్య నుంచి గాలి పీల్చి, కొద్దిగా కష్టమేమో అన్నాడు. అంత త్వరగా చేస్తే పని బాగా రాదని ఆయన అనుమానం. “సూసినావా, కష్టమే గానీ ఒప్పుకున్యాడు” అని ఓనరు నా చెవిలో అన్నాడు. ఆ దేశం వాళ్లు కొద్దిగా కష్టం అన్నారంటే కుదరదు అని అర్థమని నా నోటుబుక్కులో ఉంది. చెప్తే ఓనరు నమ్మలేదు. చివరికి ఇరవై అయిదు రోజులు పెట్టుకున్నారు.

వెళ్లేముందు రెండో షెడ్డు చూస్తానన్నాడు. నాయన ఒక మెట్టు అంచు పాలిష్ చేస్తూ కూర్చుని ఉన్నాడు. నున్నదనం చూడటానికి నాయన అరచెయ్యి వాడడు, ముంజేతి వెనక భాగం ఆనించి చూస్తాడు. అరచెయ్యి కాయలు కాసిపోయి దానికి ఏమీ తెలియదంటాడు. జపాన్ ఆయన గుమ్మంలో నిలబడి అది చూశాడు. ఎంతసేపు చూశాడంటే ఓనరు రెండుసార్లు దగ్గాడు. ఆ తర్వాత ఆయన మా నాయనకు నడుం వంచి నమస్కారం చేశాడు. నాయన తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ లేచి, ఏం చేయాలో తెలియక తనూ వంగాడు. నాకు కాస్త సిగ్గేసింది. ఎందుకు సిగ్గేసిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

ఆఫీసు గదిలో చక్కెర లేని టీ తాగుతూ ఆయన నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ఈ రాళ్లు దేనికోసమో ఇక్కడ పనిచేసేవాళ్లకు తెలుసా అని.

తెలుసు, అందరికీ తెలుసు అన్నాను.

ఆయన సంతోషించాడు. తమ ఊళ్లో ఇవి చెక్కేవాళ్లు వీటిని దాటరనీ, వీటి మీద కూర్చోరనీ, తిండి పెట్టుకోరనీ చెప్పాడు. మనసు పెట్టి చేసిన రాయి ఆ ఇంటివాళ్లకు తెలిసిపోతుందన్నాడు. నేను తల ఊపి, ఆ మాటలు కూడా నోటుబుక్కులో రాసుకున్నాను.

ఎందుకు దాచావని ఎవరైనా అడిగితే ఓనరు దాచమన్నాడని చెప్పవచ్చు. దాచమన్న మాట నిజమే. సమాధి రాళ్లని తెలిస్తే రేపటి నుంచి ఒక్కడూ రాడు, ఇంట్లో కడుపుతో ఉండాదనేవాడు ఒకడు, అమావాస్య అనేవాడు ఒకడు అన్నాడు. కానీ ఆయన అనకపోయినా నేను దాచేదాన్నే. మావాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసనుకున్నాను. నిమ్మకాయలు కడతారు, గేటు ముందర పొట్టేలును కోస్తారు, షెడ్డులో సాంబ్రాణి పొగ వేస్తారు, ఆ మనిషి వచ్చే రోజుకు అంతా తిరనాళ్ల చేస్తారు. ఆ నెలలో పరాయివాళ్ల అలవాట్లు చదివేకొద్దీ వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. మావాళ్ల అలవాట్ల మీద చిరాకూ అంతే పెరిగింది. వాళ్లు రాతికి వంగి నమస్కరిస్తే సంస్కారం, మావాళ్లు రాతికి పసుపు రాస్తే మూఢత్వం. అంత చదువుకున్న నాకు ఇందులో తేడా ఏమిటని ఒక్కసారి కూడా అనిపించలేదు.

పని మొదలైంది. మొదటి షెడ్డులో దిమ్మలు కోసి ఇచ్చారు. రెండో షెడ్డులో పదకొండు మందీ వాటి మీద పడ్డారు. ముతక పాలిష్ బిళ్లతో మొదలుపెట్టి సన్నవి మారుస్తూ, నీళ్లు పోస్తూ, తుడుస్తూ, మళ్లీ రుద్దుతూ. నిలువు రాయిని నాయన ఎవరికీ ఇవ్వలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం నేను కొలతల కాగితం తీసుకుని పోయినప్పుడు ఆయన ముందరి దిమ్మను చూపించి అడిగాడు.

“ఈ రెండు గుంతలు యాలమ్మా?”

పూలు పెట్టడానికి. నాకు తెలుసు. ఆ దేశంలో సమాధి దగ్గరికి వచ్చినవాళ్లు ముందు రాతిని తుడిచి, గరిటెతో పైనుంచి నీళ్లు పోసి, ఆ రెండు గుంతల్లో పూలు గుచ్చి, అగరొత్తులు వెలిగిస్తారు. ఒక వీడియోలో ఒక ముసలావిడ అలా నీళ్లు పోస్తూ రాయితో ఏవో కబుర్లు చెప్తోంది. ఆ వీడియో నేను రెండుసార్లు చూశాను.

“ఫౌంటెన్ నాయనా. పార్కుకు. నీళ్ల పైపులకు ఆ గుంతలు” అన్నాను.

ఆయన గుంతలో వేలు పెట్టి అడుగు తడిమాడు. “కింద తూము లేదే, నీళ్లు యాడికి పోతాయి?” అన్నాడు.

తూము వాళ్లు అక్కడ పెట్టుకుంటారన్నాను. ఆయన నా ముఖం వైపు చూసి, సరేనని బిళ్ల మార్చుకున్నాడు. ఆ తర్వాత ఆ రాయి గురించి మళ్లీ అడగలేదు.

ఆ వారంలోనే షెడ్డులో కొన్ని మార్పులు వచ్చాయి. అంతకుముందు కోసిన రాళ్ల మీదే కూర్చుని సంగటి క్యారియర్లు తెరిచేవాళ్లు, తువ్వాళ్లు ఆరేసేవాళ్లు. అదంతా ఆగిపోయింది. తినేటప్పుడు బయట చింతచెట్టు నీడకు పోతున్నారు. చెప్పులు గుమ్మం బయట వరసగా ఉంటున్నాయి. రాళ్ల కింద ఉతికిన గోనెపట్టలు వచ్చాయి. ఎవరూ అరుచుకోవడం లేదు. ఇదంతా నా క్రమశిక్షణేనని నేను మురిసిపోయాను. మనవాళ్లు మారినారు సార్ అని ఓనరుకు చెప్పాను కూడా.

జపాన్ ఆయన మళ్లీ రావలసిన రోజు నాయన తెల్లారగానే గదిలోంచి బయలుదేరాడు. ఆఖరుసారి తుడవాలి, ముందుగా పోతాండా అన్నాడు. చేతిలో గుడ్డ సంచి ఉంది. అందులో ఏముందో నేను అడగలేదు. తల దువ్వుకుంటూ ఇంగ్లీషులో ఏం మాట్లాడాలో వల్లె వేసుకుంటున్నాను.

నేను ఎనిమిదికి పోయేసరికి బయలులో సమాధి మొత్తం పేర్చి నిలబెట్టి ఉంది. ముందరి రెండు గుంతల్లో చామంతులు, కనకాంబరాలు. కింది దిమ్మ మీద ప్రమిదలో దీపం వెలుగుతోంది. పైనుంచి పాలు పోసిన తెల్లటి చార. నిలువు రాతికి పసుపు, మూడు కుంకుమ బొట్లు. ఆ బొట్లకు పైన, రాతి తల దగ్గర, నూనెతో నల్లగా ఒక అరచెయ్యి. అయిదు వేళ్లూ విడివిడిగా కనిపిస్తున్నాయి. మిగతా పదిమందీ చేతులు కట్టుకుని పక్కన నిలబడి ఉన్నారు. నాయన నూనె సీసాకు మూత పెడుతున్నాడు.

 ఆ రంగు రాయి నూనె తాగుతుంది. తాగాక వదలదు. ఆ సంగతి నాకన్నా నాయనకు బాగా తెలుసు.

ఓనరు ఆ ఒక్కరోజు చెప్పిన టైముకు ముందే వచ్చాడు. చూడగానే తిట్లు లంకించుకున్నాడు. నేను బకెట్టు తెచ్చాను, సబ్బు తెచ్చాను, మరకలు తీసే మందు తెచ్చాను. దీపం, పూలు తీసేశారు. పాలు పోయాయి, పసుపు పోయింది, కుంకుమ పోయింది. అరచెయ్యి పోలేదు. రుద్దేకొద్దీ చుట్టూ రాయి శుభ్రపడి అది ఇంకా బాగా కనిపించింది.

ఇది పూజ చేసే రాయని నీకు ఎవరు చెప్పినారు, ఎవరినడిగి చేసినావు అని ఓనరు నాయన మీదికి పోయాడు.  నాయన తల తిప్పి నా వైపు ఒకసారి చూశాడు. కోపంగా కాదు. నేను ఏదో అంటానని ఆగినట్టు చూశాడు. నేను ఫోన్ తీసి టైమెంతయిందో చూసుకున్నాను.

ఒక్క మాట చాలు అప్పుడు. సార్, ఆయనకు నేనే సరిగ్గా చెప్పలేదు అంటే చాలు. ఆ మాట తెలుగులోనూ చెప్పగలను, ఇంగ్లీషులోనూ చెప్పగలను. చెప్పలేదు. భయమేసింది. చెప్తే నా ఉద్యోగం కూడా పోతుందని భయం, ఇద్దరిలో ఒకరికైనా ఉండాలి కదా అన్న లెక్క. ఈ లెక్క నాకు అప్పుడు తోచిందా, తర్వాత నన్ను నేను సమాధానపరచుకోడానికి కట్టుకున్నానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను. జపాన్ ఆయన వచ్చేలోపల నా కళ్ల ముందర నుంచి పో, ఇంక పనికి రావద్దు అన్నాడు ఓనరు. నాయన తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాటాడు. రోడ్డు మీదికి పోయాక వేసుకున్నాడు.

జపాన్ ఆయన అదే వేళకు, అదే విధంగా కారులో కూర్చుని, పది కాగానే దిగాడు. రాతి చుట్టూ తిరిగాడు. అంచులు చూశాడు, మూలలు చూశాడు, పాలిష్‌లో తన ముఖం చూసుకున్నాడు. చాలా బాగుంది అన్నాడు. ఆ మాట అంటూ ముందరికి వచ్చి, అరచెయ్యి దగ్గర ఆగిపోయాడు.

మిషన్ నూనె అని చెప్పమన్నాడు ఓనరు. పనివాడెవడో చూసుకోకుండా చెయ్యి పెట్టాడు, వాణ్ణి తీసేశాం అని చెప్పమన్నాడు. అలాగే చెప్పాను. మా నాయనను ‘వాడు’ అన్న ఆ మాటను కూడా నేనే ఇంగ్లీషులోకి మార్చాను.

ఆయన వంగి గుంతలోకి చూశాడు. రెండు వేళ్లు పెట్టి ఒక కనకాంబరం రేకు బయటికి తీశాడు. తొందరలో మేము వదిలేసిన రేకు అది. అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, నా వైపు తిరిగి, ఇది ప్రార్థన కదా అని అడిగాడు.

అవునన్నాను.

ఆ రోజు ముంజేత్తో చూస్తూ ఉన్న పెద్దాయనేనా అన్నాడు. అవునన్నాను. ఆయన ఎక్కడ అని అడిగాడు. ఇంటికి వెళ్లాడని చెప్పాను. ఆ పెద్దాయన నాకేమవుతాడో మాత్రం చెప్పలేదు.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడకపోతే కంగారు పడకూడదని రాసుకున్నదాన్ని, గుంతలో ఇంకో రేకు మిగిలిందేమోనని కళ్లతో వెతుకుతున్నాను. ఆయన నీళ్లు అడిగాడు. తాగడానికేమోనని గ్లాసు తెచ్చాను. ఆయన ఆ నీళ్లు రాతి తల మీద నెమ్మదిగా పోశాడు. తడిసినంత మేరా రాయి నల్లబడి అరచెయ్యి కనిపించకుండా పోయింది. ఎండకు ఆరుతూ ఉంటే మళ్లీ పైకి వచ్చింది. ఆయన స్కేలు బయటికి తీశాడు గానీ ఆ మరకను కొలవలేదు. రాతికి ఒకసారి వంగి, మా వైపు తిరిగి, ఒకసారి ప్రార్థన చేసేసిన రాయిని ఇంకొక ఇంటివాళ్లకు ఇవ్వడం కొద్దిగా కష్టమేమో అన్నాడు.

“కొద్దిగానే అంటాండాడు గదా, రేటు తగ్గిస్తే తీసుకుంటాడేమో అడుగు” అన్నాడు ఓనరు.

నేను అడగలేదు. నా నోటుబుక్కులో ఉన్న వాటన్నిటిలో ఆ ఒక్క ముక్కే ఆ రోజు నాకు పనికొచ్చింది.

సాయంత్రం గదికి పోతే నాయన అన్నం వండి పెట్టి ఉన్నాడు. ఏమైందని అడగలేదు. నేనూ చెప్పలేదు. మూడు రోజులు అలాగే గడిచాయి. కూర బాగుందా అంటే బాగుంది, మోటారు వేసినావా అంటే వేసినా. ఒకే గదిలో ఉంటూ ఆయన ముఖం చూడకుండా తిరగడం ఎలాగో ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నాను. ఆ నెలాఖరుకు రెండో షెడ్డు మూసేస్తామని ఓనరు మిగిలిన పదిమందికీ చెప్పేశాడు.

శనివారం నాయన తన సామాను తీసుకోవడానికి యూనిట్‌కు వచ్చాడు. ఓనరు ఊళ్లో లేడు. పల్లెకు పోతానన్నాడు నాయన. చేను కౌలుకిచ్చేసినా ఇల్లుంది కదా, ఒక ఆవును పెట్టుకుంటానన్నాడు. తన బిళ్లలూ, సుత్తీ, ఉలీ గుడ్డ సంచిలో వేసుకుని బయలులోకి వచ్చాడు. రాయి ఇంకా అక్కడే నిలబడి ఉంది. దాన్ని ఎవరూ కదిలించలేదు. నేను ఆఫీసు గదిలోంచి లేచి ఆయన దగ్గరికి పోయాను.

“నాయనా, అది ఫౌంటెన్ కాదు” అన్నాను.

“తెలుసునమ్మా” అన్నాడు. “తూము లేదన్నప్పుడే అవి పూల గుంతలని, ఇది సమాధని తెలిసిపోయినాది. షెడ్డులో అందురికీ నేనే సెప్పినా.”

ఎవరూ వెళ్లిపోలేదే అన్నాను. 

“యాల పోతారు? ఎవురికో ఒకరికి సేస్తాండాము గదా. ఆడమనిషా, మొగమనిషా అని అడిగినారు. నాకేం తెలుసు అన్న్యా.” ఆయన సంచి కింద పెట్టాడు. “తలకు నూనె పెట్టకుండా ఎవుర్నన్నా పంపిస్తామా? మీ అమ్మకు పెట్టినట్టే పెట్టినా. ఆ ఊర్లో ఎవురు పెడతారో ఏమో అనుకున్యా.”

అమ్మను ఆఖరి స్నానానికి కూర్చోబెట్టినప్పుడు మా వాళ్లందరూ ఒక్కొక్కరే వచ్చి అరచేత్తో తలకు నూనె పెట్టారు. నేను మదనపల్లె నుంచి ఆలస్యంగా వచ్చాను. నా కోసం నాయన సీసాలో కొంచెం నూనె మిగిల్చి పెట్టాడు.

రాయి నూనె తాగుతుందని నీకు తెలియదా నాయనా అని అడిగాను. తెలుసన్నాడు. వాళ్లూ మనలాగే ఏటా వచ్చి నూనె రాస్తారేమో, ఎట్లాగూ నల్లబడాల్సిన రాయే కదా అనుకున్నానన్నాడు. అడుగుదామనుకున్నాడట. కానీ నువ్వు ఫౌంటెన్ అంటివే, నిన్ను మళ్లీ యాల అడిగేది అనుకున్నాడట. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆయన నా వైపు చూడలేదు.

నేను తప్పు నాదని చెప్పాను. ఓనరుకు చెప్పలేదని, ఆ వచ్చినాయనకు కూడా చెప్పలేదని, నువ్వు మా నాయనవని కూడా చెప్పలేదని అంతా చెప్పేశాను. ఏడుపు ఆపుకోలేదు. ఆయన వింటూ రాతి అంచు మీద ముంజెయ్యి ఆనించి పైనుంచి కిందికి జరిపాడు.

“వాళ్లు ఏం పెడతారు మరి, తలకు?” అన్నాడు.

“నీళ్లు నాయనా. నీళ్లే పోస్తారు.”

“నీళ్లేనా? ఇంకేం లేదా?”

“పూలు పెడతారు. ఊదొత్తులు ముట్టిస్తారు. అంతే.”

ఆయన తొట్టి దగ్గరికి పోయి చెంబుతో నీళ్లు ముంచుకొచ్చాడు. ఏ పక్క నుంచి పోస్తారని అడిగాడు. పైనుంచి అన్నాను. చెప్పులు విడిచి, రెండు చేతులా చెంబు పట్టుకుని, తల తడిపినట్టు నెమ్మదిగా పోశాడు. రాయంతా నల్లబడింది. మరక ఉన్న జాడే లేదు.

“ముందే సెప్పింటే నీళ్లే పోసింటాను గదమ్మా” అన్నాడు.

చెంబు నా చేతికిచ్చి, సంచి భుజాన వేసుకుని, బస్సు టైమయిందని గేటు వైపు నడిచాడు. నేను చెంబు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎండకు రాయి పైనుంచి కిందికి ఆరుతూ వచ్చింది. ముందు వేళ్లు కనిపించాయి.